బైండింగ్ వాళ్ళకి ఓటెందుకు లేదు? మన ప్రెస్సు వర్కర్ల సంఘం తాత్కాలిక కమిటీకి ఒక పాత కంపోజిటర్ లేఖ

కమిటీలో ఉన్న తమ్ముళ్ళకి, ఒకరిద్దరు అన్నలకి నమస్కారం.

మీరు వాట్సాప్ గ్రూపులో పెట్టిన నియమావళి డ్రాఫ్టు రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివింది విషయం కోసం కాదు, అచ్చు అక్షరాలు పేర్చే కంపోజిటర్ని కదా, నలభై ఏళ్ళ రోగం, అచ్చు కాగితం కనపడితే చాలు ప్రూఫు దిద్దటం మొదలెడతా, మూడో పేజీలో 'సభ్యత్వం' రెండుచోట్ల 'సభత్వం' అని పడింది, చూసుకోండి. రెండోసారి కుదురుగా కూర్చుని విషయం కోసం చదివా, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. గ్రూపులోనే రాద్దామనుకున్నా గానీ అక్కడ నేనేం రాసినా 'బాబాయ్ మళ్ళీ మొదలెట్టాడు' అని ఒక నవ్వు బొమ్మ పడేసి పైకి జరిపేస్తారు, అదీగాక ఆ గ్రూపులో బైండింగ్ వాళ్ళు ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు లేరు, ఈ మాటలు వాళ్ళక్కూడా చేరాలి, అందుకని నలుగురూ చూసేలా ఇక్కడ రాస్తున్నా.

సంఘం పెడుతున్నందుకు ముందు మెచ్చుకోవాలి. పేపరాఫీసుల్లో చేసినవాళ్ళకి 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం ఉండేది, జీతాలు తేల్చే వేజ్ బోర్డులు వచ్చాయి, మజీఠియా బోర్డు జీతాలు 2011లో నోటిఫై అయితే యాజమాన్యాలు సుప్రీంకోర్టుకెళ్ళి 2014లో ఓడిపోయాయి కూడా (గెలిచాక ఆ డబ్బులు ఎంతమంది చేతికొచ్చాయి అనేది వేరే కథ). మనలాంటి జాబ్ ప్రెస్సులోళ్ళకి, అంటే శుభలేఖలు, కరపత్రాలు, గైడ్లు, బిల్లు బుక్కులు, ఎలక్షనొస్తే పోస్టర్లు కొట్టేవాళ్ళకి, ఆ బోర్డుల గాలి కూడా తగల్లేదు. కాబట్టి మన సంగతి మనమే చూసుకోవాలి అని మీరు అనుకోవటం వంద శాతం కరెక్టు.

కానీ ఏం రాశారయ్యా అందులో? మెషిన్ మీద చేసేవాళ్ళకీ, కంప్యూటర్ మీద పేజీలు కట్టే డీటీపీ వాళ్ళకీ పూర్తి సభ్యత్వం, బైండింగ్ సెక్షన్ వాళ్ళు 'సహాయక సభ్యులు', చందా కట్టాలి, ఓటు మాత్రం లేదు. అధ్యక్షుణ్ణి 'ఏకగ్రీవంగా' ఎన్నుకోవాలి, ఐదేళ్ళు ఉంటాడు, ప్యానెళ్ళు పెట్టి పోటీ చేస్తే క్రమశిక్షణా చర్య. ఆ తర్వాత ఎక్కడో పదకొండో పేజీలో, ఏ ప్రెస్సులోనైనా పని తగ్గించే కొత్త మెషిన్ దింపితే సంఘం 'ససేమిరా అంగీకరించదు'. ఈ మూడూ చదివాక నాకు వేరే దేశం వాళ్ళ కథ ఒకటి గుర్తొచ్చింది, వాళ్ళు 130 ఏళ్ళకి పైగా నడిపిన సంఘం, ఈ మూడు గొడవలూ వాళ్ళు మనకంటే ముందే పడ్డారు, కొన్ని గెలిచారు, కొన్ని చేతులారా పోగొట్టుకున్నారు.

నాకెలా తెలుసంటారా, మా అమ్మాయి టొరంటో దగ్గర ఉంటుంది, నేనూ మీ పిన్నీ వెళ్ళినప్పుడు సెప్టెంబర్ మొదటి సోమవారం సెలవొచ్చింది, లాంగ్ వీకెండ్ అని మనవాళ్ళు కార్లేసుకుని నయాగరా పోతారు, మమ్మల్ని కూడా తీసుకెళ్ళారు. కార్లో అడిగా, ఏంటమ్మా ఈ సెలవు అని. లేబర్ డే మావయ్యా అన్నాడు అల్లుడు. లేబర్ డే అంటే మే ఒకటి కదా అన్నా. ఇక్కడింతే అన్నాడు. అమ్మాయి ఫోన్లో వెతికి చదువుతూ చదువుతూ ఆగిపోయి 'నాన్నా, ఇది మొదలైంది మీ వాళ్ళ వల్లే' అంది. మా వాళ్ళెవరే అంటే కంపోజిటర్లు అంది! ఆ రోజు నేను జలపాతం సరిగ్గా చూడలేదు నిజం చెప్పాలంటే.

జరిగిందేంటంటే, 1872 మార్చి 25న టొరంటో టైపోగ్రాఫికల్ యూనియన్ వాళ్ళు రోజుకి తొమ్మిది గంటల పని కావాలని సమ్మెకి దిగారు. అప్పట్లో పది గంటలు, పన్నెండు గంటలు మామూలు. ఏప్రిల్ 15న ఊరేగింపు తీస్తే రెండు వేల మందితో మొదలైంది క్వీన్స్ పార్కుకి చేరేసరికి పది వేలైందట. 'గ్లోబ్' పత్రిక ఓనరు జార్జ్ బ్రౌన్, పెద్ద లిబరల్ నాయకుడు, ఆయనే సంఘం పెట్టటం కుట్ర అని కేసు పెట్టించి సమ్మె కమిటీలో 24 మందిని అరెస్టు చేయించాడు, ఎందుకంటే అప్పటి చట్టం ప్రకారం యూనియన్ అంటేనే నేరం. ఈయనంటే పడని ప్రధాని జాన్ మెక్‌డొనాల్డ్ ఇదే అదను అని ఆ ఏడాదే ట్రేడ్ యూనియన్స్ చట్టం తెచ్చి యూనియన్ నేరం కాదనిపించాడు. రాజకీయం చూడండి, కార్మికుల మీద ప్రేమా, ఎదుటోడి మీద కోపమా, ఏదైతేనేం పనైంది. సమ్మె చేసిన వాళ్ళలో చాలామంది ఉద్యోగాలు పోగొట్టుకున్నారు, అది కూడా చెప్పాలి. ఆ ఊరేగింపులు ఏటేటా సాగి 1894లో సెలవైంది.

ఈ టొరంటో వాళ్ళ సంఘం ఒక పెద్ద సంఘంలో భాగం, పేరు ఇంటర్నేషనల్ టైపోగ్రాఫికల్ యూనియన్, ఐటీయూ అనేవాళ్ళు. 1852లో సిన్సినాటీలో నేషనల్ అనే పేరుతో మొదలైంది, కెనడా వాళ్ళు కూడా కలిశాక 1869లో ఇంటర్నేషనల్ అయ్యింది. అంతకుముందు నుంచే అమెరికాలో ప్రింటర్లు గట్టివాళ్ళు, 1786లోనే ఫిలడెల్ఫియాలో జీతం కోసిన ఓనర్ల మీద తిరగబడి వారానికి 6 డాలర్లు రాబట్టుకున్నారు. ఊరికొకటి లోకల్, ప్రెస్సుకొకటి 'చాపెల్'. చాపెల్ అంటే చర్చిలాంటి ప్రార్థన గది, ప్రెస్సులో వర్కర్ల గుంపుని ఆ పేరుతో ఎందుకు పిలుస్తారో ఎవరికి తోచిన కథ వాళ్ళు చెప్తారు గానీ నాకు ఆ మాట నచ్చింది. ఊళ్ళో ఎక్కడో ఆఫీసు బోర్డు కాదు సంఘమంటే, నువ్వు నిలబడి పనిచేసే ఆ గదే సంఘం.

నేను 1977లో విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ప్రెస్సులో చేరా, అప్పుడు నాకు పదమూడేళ్ళు, ట్రెడిల్ (కాలితో తొక్కే అచ్చు మెషిన్) రోలర్లు కిరసనాయిల్తో తుడవటం, అచ్చయిపోయిన మ్యాటర్ విప్పి అక్షరాలు మళ్ళీ గళ్ళలో వేయటం, అదీ మొదటి ఉద్యోగం. ఇప్పటి పిల్లలకి తెలీదు, ఇంగ్లీషులాగా ఇరవయ్యారు అక్షరాలతో అయిపోదు, గుణింతాలు, ఒత్తులు, ఎన్ని గళ్ళో, కళ్ళు మూసుకుని చెయ్యి పెడితే 'క్ష' దొరకాలి, అది రావటానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళూ నేను భోజనం దగ్గర కూర్చుంది కంపోజిటర్లతో కాదు, వాళ్ళు కుర్రోణ్ణి దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు. బైండింగ్ వాళ్ళతో కూర్చునేవాణ్ణి. నలుగురు ఆడవాళ్ళు, ఫారాలు (అచ్చయిన పెద్ద కాగితాలు) మడతపెట్టటం, వరసగా ఏరటం, కుట్టటం, మైదా జిగురులో మైల్తుత్తం కలిపి అట్టలంటించటం. వెయ్యి మడతలకింత అని లెక్క. జిగురు వేళ్ళతోనే అన్నం ముద్ద కలిపి నాకు పెట్టేవాళ్ళు. డ్రాఫ్టులో 'సహాయక' అన్న మాట చూడగానే నాకు ఆ వేళ్ళు గుర్తొచ్చాయి, అందుకే కొంచెం ఘాటుగా రాస్తున్నా, ఏమనుకోవద్దు.

సరే, ఐటీయూ సంగతి. వాళ్ళు కూడా మొదట్లో ఆడవాళ్ళని రానివ్వలేదు. కారణం మీరు చెప్పే కారణమే, 'వాళ్ళు తక్కువకి చేస్తారు, మన రేటు పడిపోతుంది' అని. 1867 చివర్లో న్యూయార్క్‌లో 'వరల్డ్' పత్రికలో సమ్మె జరిగితే ఓనర్లు ఏం చేశారు, కంపోజింగ్‌లోకి ఆడపిల్లల్ని దింపారు. సమ్మె రాజీ అవగానే ఆ పిల్లల్ని తీసి అవతల పడేశారు. రెండువైపులా వాడుకునేవాళ్ళే, రెండువైపులా తిట్టేవాళ్ళే. అప్పుడు ఆగస్టా లూయిస్ అని ఇరవై దాటీ దాటని అమ్మాయి, తనూ కంపోజిటరే, 1868లో విమెన్స్ టైపోగ్రాఫికల్ యూనియన్ పెట్టింది. ఇంకో మూడు నెలలకే పరీక్ష వచ్చింది. 1869 జనవరిలో పుస్తకాల ప్రెస్సుల్లో మగవాళ్ళు సమ్మెకి దిగారు. ఆడవాళ్ళ ఓటు హక్కు కోసం పోరాడిన సూజన్ ఆంథొనీ, అంత పెద్దావిడ, ఆడవాళ్ళు పని నేర్చుకోవటానికి ఇదే ఛాన్స్ అని ఓనర్లనే సాయం అడిగింది. ఆగస్టా ఒప్పుకోలేదు. తన యూనియన్ పిల్లలెవరూ సమ్మె జరుగుతున్న ప్రెస్సు గడప తొక్కలేదు, తమకి సభ్యత్వం కూడా ఇవ్వని మగాళ్ళ సమ్మె కోసం వాళ్ళు కూలి పోగొట్టుకున్నారు. ఆ సంవత్సరమే జూన్‌లో ఐటీయూ మహాసభ ఆడవాళ్ళ యూనియన్‌ని కలుపుకుంది. మరుసటేడు ఆగస్టాని కరెస్పాండింగ్ సెక్రటరీగా ఎన్నుకున్నారు, అమెరికాలో ఒక జాతీయ యూనియన్‌కి ఆఫీస్ బేరర్ అయిన మొదటి ఆడమనిషి ఆమే అంటారు.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది కథ. కానీ ఆమె తర్వాత రాసుకున్న నివేదికలో చెప్పిందేంటంటే, సమ్మె ఉన్నప్పుడు మేం మగవాళ్ళ చోటులో పని చెయ్యం అన్నాం, సమ్మె లేనప్పుడు యూనియన్ రేటుకి పని అడిగితే యూనియన్ ఫోర్‌మెన్లే 'ఇక్కడ ఆడవాళ్ళకి వసతుల్లేవు' అని తిప్పి పంపుతున్నారు అని. వసతులు! చూడండి, 1871లో న్యూయార్క్‌లో చెప్పిన సాకు, మొన్న మన మీటింగులో ఒకాయన 'ఆడవాళ్ళు మీటింగుకొస్తే బాత్రూమ్ ఎక్కడుంది' అన్నప్పుడు నేను నవ్వాలా ఏడవాలా? 1878కల్లా ఆ ఆడవాళ్ళ యూనియన్ మూతపడింది.

అంతకన్నా పెద్ద తప్పు ఇంకోటి. మొదట్లో ఐటీయూలో అందరూ ఉండేవాళ్ళు, కంపోజిటర్లు, ప్రెస్‌మెన్ (మెషిన్ వాళ్ళు), బైండర్లు. కానీ పెత్తనమంతా కంపోజిటర్లదే, మేం చదువుకున్నవాళ్ళం, మాదే అసలు పని అని. (నేను కంపోజిటర్నే కాబట్టి చెప్తున్నా, ఆ పొగరు మాకు పుట్టుకతో వస్తుంది.) విసిగిపోయి మెషిన్ వాళ్ళు 1889లో విడిపోయి వేరు కుంపటి పెట్టుకున్నారు, 1892లో బైండర్లు పోయారు, తర్వాత బ్లాకుల వాళ్ళు, ప్లేట్ల వాళ్ళు. ఒక్క పేపరాఫీసులో పది దాకా యూనియన్లు, ఎవరి ఒప్పందం వాళ్ళది, ఎవరి గడువు వాళ్ళది. ఒకళ్ళు సమ్మె చేస్తుంటే ఇంకొకళ్ళు మా ఒప్పందం ఇంకా ఉందిగా అని లోపలికెళ్ళి పని చేసుకునేవాళ్ళు.

ఇప్పుడు మన ఊరికి రండి. రేపు రేట్ల కోసం మీరు మెషిన్లు ఆపారనుకోండి. ఓనరు ఏం చేస్తాడు? ఫైలు మెయిల్లో పంపి ఫారాలు హైదరాబాద్‌లోనో శివకాశిలోనో కొట్టించి రాత్రికి రాత్రి లారీలో దింపుకుంటాడు, మడతలూ కుట్టూ మాత్రం ఇక్కడే, ఎందుకంటే అంత తక్కువ రేటుకి ఆ పని ఇంకెక్కడా జరగదు. అప్పుడు మీరు గేటు దగ్గర నిలబడి ఆ బైండింగ్ అమ్మని ఆపుతారు, అమ్మా లోపలికెళ్ళొద్దు అని. ఏ మొహం పెట్టుకుని ఆపుతారు? ఓటివ్వని సంఘం కోసం ఆమె ఆ రోజు కూలి ఎందుకు మానుకోవాలి? ఆగస్టా మానుకుందని ప్రతి ఆడమనిషీ మానుకోవాలా? మీ డ్రాఫ్టుకి ఈ ప్రశ్నకి జవాబు లేదు, ఎన్నిసార్లు తిరగేసినా దొరకలేదు.

ఏకగ్రీవం గురించి. 'మనలో మనకి పోటీలెందుకు బాబాయ్, ఓనర్లకి అలుసైపోతాం' అని మీలో ఒకతను నాతో అన్నాడు, మంచి ఉద్దేశంతోనే అన్నాడు. కానీ ఐటీయూ పేరు ఇప్పటికీ కాలేజీల్లో చెప్పుకుంటున్నారంటే ఈ పోటీల వల్లే. ఆ సంఘం లోపల రెండు పార్టీలుండేవి, దేశంలో రెండు పార్టీలున్నట్టు. మొదట్లో అవి రహస్య ముఠాలు, ఫోర్‌మెన్ పోస్టులు పంచుకునే ముఠాలే, గొప్పగా ఏం మొదలవ్వలేదు. 1890ల చివర్లో నాయకుల్ని నేరుగా సభ్యులే ఓటేసి ఎన్నుకునే పద్ధతి వచ్చాక ఆ ముఠాలు మెల్లగా బహిరంగ పార్టీలయ్యాయి, ప్రోగ్రెసివ్స్ అని ఒకళ్ళు, ఇండిపెండెంట్స్ అని ఒకళ్ళు, ఎవరి కరపత్రాలు వాళ్ళవి, కరపత్రాలు వేసుకోవటం వాళ్ళకెంత సేపు, ప్రెస్సులోళ్ళే కదా. చార్లెస్ హోవార్డ్ అని ప్రెసిడెంటు 1924లో ఓడిపోయాడు, 1926లో మళ్ళీ గెలిచాడు, 1938లో మళ్ళీ ఓడించారు, అదీ ఆయన దేశం మొత్తానికి పేరున్న కార్మిక నాయకుడుగా ఉన్నప్పుడు. చందా పెంచాలన్నా నాయకుల జీతం పెంచాలన్నా సభ్యుల ఓటుకి పెట్టాల్సిందే, నాయకుల జీతం పెంచుతామంటే సభ్యులు చాలాసార్లు పొమ్మన్నారు, అది నాకు బాగా నచ్చింది.

సీమోర్ లిప్‌సెట్ అనే ఆయన, పెద్ద సోషియాలజిస్టు, తండ్రి న్యూయార్క్‌లో ప్రింటరు, ఐటీయూ మెంబరు. పెద్ద సంఘాలన్నీ చివరికి నలుగురి చేతిలోకి పోతాయి అని అందరూ అంటుంటే, మా నాన్న సంఘం ఎందుకు పోలేదు అని ఇంకో ఇద్దరితో కలిసి ఏళ్ళ తరబడి పరిశోధన చేసి 1956లో పుస్తకం వేశాడు. వాళ్ళు చెప్పిన కారణాల్లో ఒకటి మనకి బాగా తెలిసిందే, రాత్రి డ్యూటీలు. పేపరోళ్ళకి రాత్రంతా పని, తెల్లారి ఇంటికెళ్తే ఊరంతా పనుల్లో ఉంటుంది, కబుర్లకి ఇంకో ప్రింటరు తప్ప ఎవడూ దొరకడు, అందుకని వాళ్ళకి వాళ్ళే క్లబ్బులు, ఆటలు, టీలు, అక్కడే రాజకీయం. నాయకుడు ఏం చేస్తున్నాడో ఆఫీసు నోటీసు బోర్డు చూసి కాదు, పక్కవాడి నోట విని తెలుసుకునేవాళ్ళు. మన శుభలేఖల సీజన్లో రాత్రి రెండింటికి టీ బడ్డీ దగ్గర జరిగేది కూడా అదే కదా.

పక్కనే పోలిక కూడా ఉంది. పైన చెప్పానే, 1889లో విడిపోయిన ప్రెస్‌మెన్ యూనియన్, అందులో జార్జ్ బెర్రీ అని ఒకాయన 1907లో ప్రెసిడెంటయ్యాడు. ఎప్పుడు దిగాడనుకున్నారు? 1948లో, చనిపోయాక. 41 ఏళ్ళు. టెన్నెసీ కొండల్లో సంఘానికి సొంత ఊరే కట్టించాడు, మధ్యలో కొన్నాళ్ళు సెనేటర్ కూడా అయ్యాడు, 1919లో న్యూయార్క్ ప్రెస్‌మెన్ తన మాట వినకుండా సమ్మెకెళ్తే ఓనర్లతో కలిసి దాన్ని అణిచేశాడు, చివర్లో ఇన్‌కమ్ టాక్స్ ఎగ్గొట్టినందుకు కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. ఒకే కాలం, ఒకే పేపరాఫీసులు, పక్క పక్క గదులు. ఒక గదిలో రెండేళ్ళకోసారి నాయకుణ్ణి ఓటేసి ఎన్నుకుంటున్నారు, పక్క గదిలో 41 ఏళ్ళు ఒక్కడే. రెండో గది నియమావళి మీ చేతిలో ఉంది ఇప్పుడు.

మీరు అనుకుంటున్న అధ్యక్షుడు మంచోడే, నాక్కూడా తెలుసు, చిన్నప్పట్నుంచి తెలుసు. నేను మాట్లాడేది ఆయన గురించి కాదు, ఆ కుర్చీ గురించి.

ఇక మెషిన్. దీని మీదే నాకు ఎక్కువ చెప్పాలని ఉంది, ఎందుకంటే మెషిన్ నన్ను రెండుసార్లు కొట్టింది.

1886 జులైలో న్యూయార్క్ 'ట్రిబ్యూన్'లో మెర్గెంతేలర్ కనిపెట్టిన లైనోటైప్ మెషిన్ దిగింది, కీబోర్డు మీద కొడితే ఒక లైను మొత్తం ఒకే సీసం ముక్కగా పోతపోసి పడుతుంది, ఒక మనిషి నలుగురైదుగురి పని చేస్తాడు. చేత్తో అక్షరాలు పేర్చేవాళ్ళ సంఘానికి ఇంతకన్నా చావు వార్త ఉంటుందా? కానీ ఐటీయూ వాళ్ళు మెషిన్ వద్దు అనలేదు. ఆ మెషిన్ మీద కూర్చునేది మా మెంబరే, యూనియన్ జీతానికే, తక్కువ గంటలకే అన్నారు, అంతే. దానికోసమే పట్టుబట్టారు, గెలిచారు. కొన్నేళ్ళు చేతి కంపోజిటర్లు నిజంగానే రోడ్డున పడ్డారు, అది దాచకూడదు, కానీ మెషిన్‌తో పేపర్లు పేజీలు పెంచాయి, కొత్త పేపర్లొచ్చాయి, మళ్ళీ మనుషులు కావాల్సొచ్చింది. ఆ ఊపులోనే 1905-06లో ఎనిమిది గంటల పని కోసం దేశమంతా సమ్మెలు చేసి సాధించారు, 1921లో వారానికి 44 గంటల కోసం ఇంకో పెద్ద సమ్మె, పనిలో ఉన్నవాళ్ళు జీతంలో పదో వంతు కోయించుకుని సమ్మెలో ఉన్నవాళ్ళని పోషించారు. క్షయ వచ్చిన ప్రింటర్ల కోసం 1892లోనే కొలరాడో స్ప్రింగ్స్‌లో కొండ గాలి తగిలేచోట పెద్ద భవనం కట్టుకున్నారు. సీసం దుమ్ము, గాలాడని గదులు, ప్రింటర్లకి అదో ఇంటి జబ్బు. మా ప్రెస్సులో మాకు రోజూ ఒక బెల్లం ముక్క ఇచ్చేవాళ్ళు, సీసాన్ని లాగేస్తుందని, అదే మా వైద్య సదుపాయం.

తర్వాత తర్వాత తెలివి వంకర్లు పోయింది. బయట తయారై వచ్చిన యాడ్ పేజీలో వేసేశాక, దాన్నే మళ్ళీ లోపల కంపోజ్ చేసి, ప్రూఫు తీసి, తప్పులు దిద్ది, కరిగించి పారేయాలని రూలు పెట్టించారు! పేరే 'బోగస్'. అచ్చు కాని మ్యాటర్‌కి ప్రూఫ్ రీడింగు. మొదట చదివినప్పుడు పడీ పడీ నవ్వా. తర్వాత ఆలోచిస్తే నవ్వాగిపోయింది, అది భయం కదా, పని పోతుందన్న భయంతో పనిలా కనపడేదాన్ని పట్టుకుని వేలాడటం. మీ పదకొండో పేజీలో 'ససేమిరా' అన్న మాటలో నాకు ఆ భయమే కనపడుతోంది.

1962 డిసెంబర్ 8న న్యూయార్క్ ప్రింటర్లు బెర్ట్రమ్ పవర్స్ నాయకత్వంలో సమ్మెకి దిగారు, 114 రోజులు ఊళ్ళో పెద్ద పేపర్లు దాదాపు ఏవీ రాలేదు. జీతాలు, గంటలు, ముఖ్యంగా పంచ్ టేపుతో (చిల్లులు పొడిచిన కాగితం పట్టీతో) నడిచే కొత్త కంపోజింగ్, వీటి మీద గొడవ. సాధించింది ఉంది, కానీ ఆ తర్వాత నాలుగైదేళ్ళలో పేపర్లే కొన్ని మూతపడ్డాయి. చివరికి 1974లో అదే పవర్స్ 'టైమ్స్', 'డెయిలీ న్యూస్' పేపర్ల వాళ్ళతో ఒప్పందం చేసుకున్నాడు, మీరు ఏ కంప్యూటర్ తెచ్చుకున్నా అడ్డు చెప్పం, ఇప్పుడున్న సుమారు 1,800 మందికి మాత్రం బతికున్నన్నాళ్ళు ఉద్యోగం గ్యారంటీ. 1978 జులైలో 'టైమ్స్' సీసంతో ఆఖరి పేపర్ వేసి మర్నాటి నుంచి కంప్యూటర్‌కి మారింది, ఒక్కణ్ణి కూడా గెంటెయ్యకుండా.

నా సంగతి చెప్తా, పోల్చుకోండి. 1993లో మా ప్రెస్సు ఓనరు ఒక సోమవారం పొద్దున మమ్మల్ని పిలిచి శుక్రవారం కంప్యూటర్లు వస్తున్నాయి, వచ్చినవాళ్ళు ఉండండి, రానివాళ్ళు లెక్క చూసుకోండి అన్నాడు. ఐదు రోజులు! నేను అప్పు చేసి రాత్రిళ్ళు ఇన్‌స్టిట్యూట్‌కెళ్ళి పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, తెలుగు ఫాంట్లు నేర్చుకున్నా. నాకు గళ్ళు నేర్పిన గురువు యాభై దాటినవాడు, చూపు ఆనదు, స్క్రీన్ చూస్తే కళ్ళ నీళ్ళు, కొన్నాళ్ళకి ఒక అపార్ట్‌మెంట్ దగ్గర వాచ్‌మెన్‌గా కనపడ్డాడు, విజిటర్ల పుస్తకంలో పేర్లు రాస్తూ. ఆయన చేతిరాత అచ్చు అక్షరంలాగే ఉండేది. ఆ సీసం అంతా కేజీల లెక్కన అమ్మేశారు, నలభై ఏళ్ళు ఆయన చేతిలో తిరిగిన అక్షరాలు. ఆయనకి పవర్స్ లాంటోడు ఒకడు లేడే అని నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. రెండో దెబ్బ వేరు, ప్లేటు నేరుగా కంప్యూటర్ నుంచే తీసే సీటీపీ వచ్చాక ఫిల్ము, పేస్టింగు అన్నీ పోయాయి, అది మీలో చాలామందికి అనుభవమే, కొత్తగా చెప్పక్కర్లేదు.

కాబట్టి 1974 ఒప్పందం నాకు స్వర్గంలా కనపడాలి, కనపడింది కూడా. కానీ దాన్లో ఒక చిల్లు ఉంది. ఆ గ్యారంటీ, అప్పటికే పనిలో ఉన్నవాళ్ళకి మాత్రమే. కొత్తగా చేరేవాళ్ళు లేరు. ఐటీయూ వాళ్ళు మంచిదే చేశారు, ఫోటో టైప్‌సెట్టింగ్ (సీసం లేకుండా ఫిల్ము మీద అక్షరాలు తీయటం) నేర్పటానికి సొంత ట్రైనింగ్ సెంటర్ పెట్టారు, కానీ అప్పటికే కీబోర్డు రిపోర్టర్ల చేతికీ, యాడ్ ఏజెన్సీల చేతికీ, బయట చిన్న చిన్న షాపుల్లో తక్కువ జీతాలకి చేసే అమ్మాయిల చేతికీ పోయింది. ఆ అమ్మాయిలు చేసేదే కొత్త కంపోజింగ్, కానీ వాళ్ళు 'ప్రింటర్లు' కాదు కదా అని పాతవాళ్ళ లెక్క. వాళ్ళెవరూ సంఘంలోకి రాలేదు, పెద్దగా ఎవరూ పిలవనూ లేదు. ఒకళ్ళు రిటైర్ అయితే ఒక ఓటు తగ్గింది, అంతే. ఒకప్పుడు లక్ష మంది ఉన్న సంఘం. లారీ డ్రైవర్ల టీమ్‌స్టర్స్ యూనియన్‌లో కలవమంటే సభ్యులు ఓటేసి వద్దన్నారు, చివరికి టెలిఫోన్ వర్కర్ల పెద్ద యూనియన్‌లో కలిసిపోయి 1986 ఆఖరుకి ఐటీయూ అన్న పేరు ఆగిపోయింది. ఆ కలవటం కూడా ఓటేసుకునే కలిశారు.

నేను చెప్పేది ఇదే, వాళ్ళు చేసిన మంచంతా గేటు లోపలున్నవాళ్ళకి చేశారు, గేటు అవతల ఎవరున్నారో చూడలేదు. మనకి గేటవతల ఎవరున్నారో రోజూ కనపడుతూనే ఉంది, ఫ్లెక్సీ షాపుల్లో సాల్వెంట్ వాసనలో పనిచేసే కుర్రాళ్ళు, ఇంట్లో కూర్చుని పేజీకింత అని డీటీపీ చేసిచ్చే ఆడపిల్లలు, బైండింగ్ అమ్మలు. ఈ ముగ్గురి పేరూ మీ డ్రాఫ్టులో ఓటున్న పేజీలో లేదు.

పదకొండో పేజీ ముక్క తీసేసి దాని బదులు ఇలా రాయండి అని నా మాట: కొత్త మెషిన్ ఏదైనా రావాలంటే ఓనరు ఆరు నెలల ముందు చెప్పాలి, దాని మీద ముందు ఉన్నవాళ్ళకే నేర్పాలి, నేర్చుకునే రోజుల్లో జీతం ఇవ్వాలి, యాభై దాటినవాళ్ళకి వేరే పని చూపించాలి. వీటికి ఓనర్లు రేపే ఒప్పుకుంటారని నేను అనటంలా, బేరం ఎక్కడ మొదలెట్టాలో చెప్తున్నా. మన చందాలో ఒక భాగం తీసి నేర్పటానికి పెట్టండి, సంఘం తరఫున రెండు కంప్యూటర్లు కొంటే పాఠం నేను చెప్తా, ఫీజు వద్దు, టీ ఇప్పిస్తే చాలు. ఎన్నిక రెండేళ్ళకోసారి, రహస్య ఓటు, ప్యానెల్ పెట్టుకునేవాళ్ళు పెట్టుకోవచ్చు, సంఘం బులెటిన్‌లో రెండు పక్షాలకీ సమానంగా జాగా.

ఇదంతా కొత్తేం కాదు మన దేశానికి కూడా, 1905లో కలకత్తాలో ప్రభుత్వ ప్రెస్సుల వాళ్ళు సమ్మె చేసి ప్రింటర్స్ యూనియన్ పెట్టుకున్నారు, బెంగాల్ విభజన గొడవల్లో, దేశంలో తొలినాటి యూనియన్లలో అదొకటి. వాళ్ళకి వాట్సాప్ లేదు.

ఆదివారం మీటింగు సాయంత్రం ఆరింటికి అని పెట్టారు. ఆరింటికి బైండింగ్ వాళ్ళు రాలేరు, ఆ టైముకి ఇంటికెళ్ళి పొయ్యి వెలిగించాలి. మూడింటికి మార్చండి. హాల్లో బాత్రూమ్ తాళం ఎవరి దగ్గరుందో నేను కనుక్కున్నా, కింద మెడికల్ షాపతని దగ్గరుంది, అడిగితే ఇస్తాడు. డ్రాఫ్టు మీద ఎర్ర ఇంకుతో ప్రూఫు గుర్తులేసి ఒక కాపీ తెస్తా, మీకు ఆ గుర్తులు అర్థం కాకపోతే పక్కన తెలుగులో కూడా రాశా. బైండింగ్ వాళ్ళలో ఎనిమిది మందికి నేనే చెప్పా, వస్తామన్నారు, ఒకావిడ మాత్రం 'మమ్మల్ని కింద కూర్చోబెడతారా కుర్చీలేస్తారా' అని అడిగింది. వేస్తారని చెప్పాను.

మీ
బాబాయ్
(పాత కంపోజిటరు, విజయవాడ)